చలి సాయంత్రాలకు అంబర్ అత్తరు

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



పుష్యమాసం వచ్చిందంటే మన పూలబుట్టలో వాసన ఉండదు. ఎప్పుడైనా గమనించారా? మల్లెలు వేసవికి గానీ రావు. జాజులు వెనకబడతాయి. పూలమ్మి తెచ్చేవల్లా చేమంతులు, కనకాంబరాలు, డిసెంబరు పూలు. కనకాంబరం రంగుకి ఎవరైనా ముచ్చటపడాల్సిందే గానీ, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏముంది? డిసెంబరు పువ్వూ అంతే. చేమంతిది ఒక రకమైన ఘాటు. మధ్య మధ్య మరువం, దవనం వేసి కట్టుకుని సరిపెట్టుకుంటాం. ఇక సాయంత్రం ఆరు కాకుండానే చీకటి. కిటికీలు మూసి, శాలువా కప్పుకుని కూర్చుంటే ఇల్లు బోసిగా అనిపిస్తుంది. వంటింట్లోంచి వచ్చే ఇంగువ వాసన తప్ప మరోటి లేదు.

ఈ బోసితనానికి మందు హైదరాబాదు పాతబస్తీ వాళ్ళకి ఏనాడో తెలుసు. అక్కడ అత్తర్లకి కూడా కాలాలున్నాయి. ఎండలకి ఖస్, గులాబీ, మొగలిపువ్వు, తొలకరి వాసనొచ్చే మట్టి అత్తరు. చలికి షమామా, హినా, కస్తూరి, అంబర్. మనం ఎండాకాలం మజ్జిగ, చలికాలం మిరియాల చారు అన్నట్టే. అందులో ఈ అంబర్ సంగతి మీకు చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. దానికి మా ఇంట్లో ఒక కారణం ఉంది. అది తరవాత చెబుతాను.

ముందు చలికి వేరే వాసన ఎందుకంటారా? దీనికి సైన్సు పుస్తకం అక్కర్లేదు, నేతిగిన్నె చాలు. చలికాలం పొద్దున్నే గడ్డకట్టిన నేతిగిన్నె మూత తీసి వాసన చూడండి. పెద్దగా ఏమీ రాదు. అదే నెయ్యి వేడివేడి అన్నంలో ఒక చెంచా వేస్తే? పక్కింటివాళ్ళకి కూడా తెలుస్తుంది. వాసన అంటే ఆ పదార్థంలోంచి లేచి గాలిలో కలిసే కణాలు. వేడి ఉంటే త్వరగా లేస్తాయి, చలికి బద్ధకిస్తాయి. నిమ్మ, మల్లె వంటి తేలిక వాసనలు చలిగాలిలో పలచబడి కనిపించకుండా పోతాయి. జిగుర్లు, వేళ్ళు, చెక్కలు, మసాలా దినుసుల వాసనలు బరువైనవి. అవి ఒంటి వెచ్చదనానికి కొంచెం కొంచెంగా, గంటల తరబడి లేస్తూనే ఉంటాయి. శాలువా కింద మణికట్టు మీద రాసుకున్న చుక్క, పొయ్యి మీద సన్న సెగన పెట్టిన పాలలాంటిదన్నమాట. అదే అంబర్‌ని మే నెల మిట్టమధ్యాహ్నం సిటీ బస్సులో రాసుకుని చూడండి. మీకూ తలనొప్పే, పక్కన కూర్చున్నావిడకీ తలనొప్పే.

ఇంతకీ అంబర్ అంటే ఏమిటి? ఇక్కడే పెద్ద తికమక ఉంది. ఒకే పేరుతో మూడు వస్తువులున్నాయి. అమ్మేవాళ్ళలో కొందరికి ఈ తికమకే పెట్టుబడి. అందుకని కాస్త ఓపిగ్గా వినండి.

మొదటిది పసుప్పచ్చగా, తేనె గడ్డకట్టినట్టుండే పూస. కోట్ల ఏళ్ళ కిందట చెట్ల నుంచి కారిన జిగురు భూమిలో పడి గట్టిపడింది. బాల్టిక్ సముద్రపు ఒడ్డున ఎక్కువ దొరుకుతుంది. ఒక్కోదాని లోపల చిక్కుకుపోయిన చీమో దోమో కూడా కనిపిస్తుంది. దీన్ని గుడ్డతో రుద్దితే ఎండు గడ్డిపరకల్ని లాగుతుంది. గ్రీకులు దీన్ని ఎలెక్ట్రాన్ అన్నారు, మనింటి కరెంటుకి ఎలక్ట్రిసిటీ అన్న పేరు ఆ మాటలోంచి పుట్టిందే. ఇంత కథ ఉన్నా మామూలుగా దానికి వాసన లేదు. మెడలో వేసుకోవడానికే.

రెండోది అంబర్‌గ్రిస్. అరబ్బులు అంబర్ అని మొదట పిలిచింది దీన్నే. ఫ్రెంచివాళ్ళు పసుపు పూస నుంచి వేరుగా తెలియడానికి బూడిదరంగు అంబర్ అన్నారు, అదే అంబర్‌గ్రిస్ అయింది. ఇది స్పెర్మ్ వేల్ అనే పెద్ద తిమింగలం పేగుల్లో తయారవుతుంది. ఆ తిమింగలం ఆహారం స్క్విడ్ అనే సముద్రజీవులు. వాటి గట్టి ముక్కులు అరగవు. వాటి చుట్టూ మైనంలాంటి పదార్థం పేరుకుంటుంది. బయటపడ్డప్పుడు ఆ కంపు భరించలేరట. ఉప్పునీళ్ళలో, ఎండలో ఏళ్ళ తరబడి తేలి తేలి బూడిదరంగుకి తిరిగాక తియ్యటి పరిమళం వస్తుంది. ఒకప్పుడు రాజులూ నవాబులూ బంగారం తూకంతో కొన్నారంటే కొన్నారు, ఇప్పుడు మాత్రం మన దేశంలో అది దగ్గర పెట్టుకోవడమే నేరం. స్పెర్మ్ వేల్ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్న జీవి. దాని నుంచి వచ్చిన ఏ వస్తువూ అమ్మకూడదు, కొనకూడదు. అంబర్‌గ్రిస్ పట్టుబడిందనీ, ఇంతమందిని అరెస్టు చేశారనీ పేపర్లలో చూస్తూనే ఉంటాం. కాబట్టి ఎవరైనా గొంతు తగ్గించి, ఇది అసలు చేప అంబర్ అమ్మా అన్నారంటే రెండే సంగతులు: అతను అబద్ధం ఆడుతున్నాడు, లేదా నిజం చెప్పి మిమ్మల్ని కూడా కేసులో ఇరికిస్తున్నాడు. ఈ రోజుల్లో ఆ వాసన కావలసిన కంపెనీలు క్లారీ సేజ్ అనే మొక్క నుంచి తీసిన పదార్థంతో దాన్ని తయారుచేసుకుంటున్నాయి. తిమింగలం జోలికి పోనక్కర్లేదు.

ఇక మూడోది, సెంటు సీసాల మీద అంబర్ అని రాసి ఉండేది. ఇది ఒక వస్తువు కాదు, కలపకం. పసుపు పూస రంగులాగా వెచ్చగా, తియ్యగా ఉంటుందని ఆ పేరు పెట్టారు. ఇందులో ముఖ్యమైనవి మూడు: లాబ్డనం అనే జిగురు, సాంబ్రాణి, వనిలా. లాబ్డనం మధ్యధరా సముద్రం చుట్టుపక్కల పెరిగే ఒక పొద నుంచి వస్తుంది. ఎండకి ఆకులు బంకగా జిగురు చెమరుస్తాయి. ఆ పొదల్లో మేసిన మేకల గడ్డాలకి అంటుకున్న జిగురు దువ్వి తీసేవారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. క్రీటు ద్వీపంలో తోలు పట్టీలు కట్టిన పళ్ళకర్రతో పొదల మీద లాగి పోగుచేసేవారు. ఎక్కడి మేక గడ్డం, ఎక్కడి పెళ్ళి పందిరి చెప్పండి!

సాంబ్రాణి సంగతి మీకు నేను చెప్పాలా? సుమత్రా, సయాం వైపు నుంచి వచ్చే చెట్టు జిగురు. బాలింతల జుట్టుకి పట్టే పొగ. (చంటిపిల్లలకి మాత్రం ఆ పొగ పట్టొద్దని ఇప్పటి డాక్టర్లు చెబుతున్నారు, వాళ్ళ ఊపిరితిత్తులకి మంచిది కాదు. మా పిల్లలకి పట్టాం, తెలియక.) మంచి సాంబ్రాణి గడ్డ నిప్పుల మీద వెయ్యకుండా ఊరికే చేత్తో నలిపి వాసన చూడండి, కస్టర్డులో వేసే వనిలా గుర్తొస్తుంది. రెండింట్లోనూ ఉన్నది ఒకటే పదార్థం, వనిలిన్. దాన్ని 1874లో జర్మనీలో టీమన్, హార్మన్ అనే ఇద్దరు రసాయనశాస్త్రజ్ఞులు కృత్రిమంగా తయారుచేశారు. వనిలా తీపి చవకయ్యింది. అలాంటి తీపితోనే పారిస్‌లో జాక్ గెర్లాన్ తయారుచేసిన సెంటు 1925లో పెద్ద పేరు తెచ్చుకుంది. దాని పేరేమిటో తెలుసా? షాలిమార్. మన షాజహాన్ తోటల పేరు. మన తోట పేరు పెట్టుకుని వాళ్ళమ్మితే విమానాల్లో వెళ్ళొచ్చినవాళ్ళు కొనుక్కొచ్చి మనకి చూపిస్తారు.

మన దేశపు చలికాలపు అత్తరు పద్ధతి వేరు. అది పుట్టిల్లు ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్. హర్షుడు ఏలిన కన్యాకుబ్జం అదే. అక్కడి అత్తర్లకి 2014లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, మన పోచంపల్లి చీరలకి ఉన్నట్టు. పెద్ద రాగి డేగిసాలో నీళ్ళు, మూలికలు వేసి, మూత చుట్టూ మట్టితో మెత్తి, కింద కట్టెలో పిడకలో పెట్టి సెగ పెడతారు. మూతలోంచి ఒక వెదురు గొట్టం పక్కనే నీళ్ళతొట్టిలో ముంచి ఉంచిన ఇంకో రాగి పాత్రలోకి పోతుంది. ఆ పాత్రలో ముందే మంచిగంధం నూనె పోసి ఉంచుతారు. ఆవిరి చల్లబడి నీరై దిగుతుంది, వాసన గంధం నూనెలోకి ఎక్కుతుంది. నీళ్ళు తీసేసి మళ్ళీ మూలికలు, మళ్ళీ సెగ. సెగ ఎక్కువైతే మాడువాసన, తక్కువైతే దిగదు. ప్రెషర్ గేజీలు లేవు, పాత్ర మీద చెయ్యి వేసి చూసి చెప్పే పనివాళ్ళే ఉన్నారు. మనం పాకం వేలితో పట్టి చూసినట్టే. గులాబీ అత్తరు అయితే పూలు కోసిన రోజునే మొదలుపెట్టాలి. షమామాకి రకరకాల దినుసులు ఒకదాని తరవాత ఒకటి దించాలి, రోజుల తరబడి పని.

ఆ షమామాలో ఏమేం వేస్తారో వింటే మీకు నవ్వొస్తుంది. లవంగాలు, ఏలకులు, జాజికాయ, జాపత్రి, కుంకుమపువ్వు, బిరియానీలో వేసే రాతిపువ్వు. సగం మన పోపులపెట్టె. మిగతా సగం మన సున్నిపిండి డబ్బా: కచ్చూరాలు, తుంగముస్తలు, వట్టివేళ్ళు. ఇంకా జటామాంసి. ఏ ఇంటి పాళ్ళు ఆ ఇంటివి, కొడుక్కి తప్ప అల్లుడికి కూడా చెప్పరంటారు. హినా అన్నది కూడా ఇలాంటి మసాలా అత్తరే. గోరింటాకు వాసన వస్తుందేమో అనుకుని కొనకండి. గోరింట పూల అత్తరు కావాలంటే గుల్ హినా అని అడగాలి. బజార్లో అంబర్ అని ఇచ్చేది ఈ మూలికల గాఢతకి జిగుర్ల తీపి కలిపినది.

మన తెలుగువాళ్ళకి ఇవి కొత్త అనుకునేరు. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన శాసనంలో ఏ సరుకుకి ఎంత సుంకమో రాసి ఉంది. గంధం, కర్పూరం, పన్నీరు, పునుగు అన్నీ ఉన్నాయి. అంత వ్యాపారం జరిగిందంటే రాసుకునేవాళ్ళు ఉండబట్టే కదా! మనుచరిత్రలో మన ప్రవరుడు మంచుకొండల్లో దారి తప్పినప్పుడు మనుషుల జాడ ఎలా కనిపెట్టాడు? గాలిలో కస్తూరి, కర్పూరం కలిసిన తాంబూలపు వాసన వచ్చింది. చలిప్రదేశంలో నిలిచే వాసనలు ఏవో పెద్దనగారికి బాగా తెలుసన్నమాట.

ఇక మా ఇంటి సంగతి. మా మామగారు ఉర్దూ మీడియంలో చదువుకున్న హైదరాబాదీ. చలికాలం పెళ్ళిళ్ళకి వెళ్ళేటప్పుడు చిన్న దూదిపింజ అత్తరులో అద్ది చెవి మడతలో పెట్టుకునేవారు. ఆయన పోయి పదకొండేళ్ళయింది. ఆరోజు నుంచి మా అత్తగారు పూలు, గంధం, చివరికి వాసనసబ్బు కూడా మానేశారు. నేను ఎంత చెప్పినా, "నాకెందుకే ఇప్పుడు" అనేవారు. ఆయన శాలువా మాత్రం ట్రంకుపెట్టెలో దాచుకుని, చలికాలం వస్తే తీసి కప్పుకునేవారు. ఒక సంవత్సరం నేను తెలివితక్కువగా, శుభ్రంగా ఉంటుందని ఆ శాలువాని డ్రైక్లీనింగుకి వేశాను. తిరిగొచ్చాక ఆవిడ దాన్ని ముఖానికి దగ్గరగా పట్టుకుని, మడతపెట్టి, ఏమీ అనకుండా పెట్టెలో పెట్టేశారు. ఆ చలికాలమంతా మళ్ళీ తియ్యలేదు. నేను చేసిన పని ఏమిటో నాకు వారం రోజులకి గానీ వెలగలేదు.

ఆ వాసన ఏదో తెచ్చిపెడదామని బయల్దేరాను. నాకు తెలిసిందల్లా పేరు అంబర్ అని మా వారు చెప్పిన మాట. అద్దాల షోరూములాంటి దుకాణం ఒకటి చూసి లోపలికి వెళ్ళాను. అసలు అంబర్ అని 1,800 రూపాయలకి చిన్న సీసా ఇచ్చాడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఇంటికొచ్చేసరికి వాసన సగం పోయింది. మిగిలినది చవక అగరువత్తిలా ఉంది. పైగా నా గద్వాల చీర కొంగు మీద ఒక చుక్క పడి నూనెమరక అయింది. దాని మీద పౌడరు పోసి రాత్రంతా ఉంచి దులిపితే కొంత తగ్గింది గానీ, వెలుతురులో చూస్తే ఇప్పటికీ తెలుస్తుంది.

రెండోసారి పత్తర్‌గట్టీ వైపు వెళ్ళాను. ఒక పాతకాలపు చిన్న దుకాణంలో పెద్దాయన కూర్చుని ఉన్నారు. అసలు అంబర్ ఉందా అంటే నవ్వి, "చేప అంబర్ నా దగ్గర లేదమ్మా, ఎవరి దగ్గరా ఉండకూడదు. మీ మామగారు రాసుకుంది అది కాదు, షమామా అయ్యుంటది," అన్నారు. గాజుపుల్లతో నా చేతి మీద ఇంత రాసి, "ఇప్పుడు కొనకు. గాజులు కొనుక్కునేది ఉంటే కొనుక్కో. గంట తిరిగొచ్చి వాసన చూసుకో," అన్నారు.

ఈ మాట మీరు కొంగున ముడేసుకోండి. అత్తరు సీసా మూత తియ్యగానే వచ్చేది మొదటి వాసన మాత్రమే. అది కొన్ని నిమిషాల్లో పోతుంది. గంటయ్యాక చేతి మీద మిగిలినదే మనం ఇంటికి తీసుకెళ్ళేది. ఒకేసారి రెండు మూడు రకాలకి మించి చూడొద్దు, ముక్కు మొద్దుబారుతుంది. మధ్యలో అత్తరు తగలని మీ సొంత మోచేతి మడత వాసన చూసుకుంటే ముక్కు తేరుకుంటుంది. దేనిలో దించారో అడగండి. మంచిగంధం నూనె ఇప్పుడు చాలా ప్రియం, అందుకని చాలామంది లిక్విడ్ పారాఫిన్ లాంటి వాటిలో కలుపుతున్నారు. గంధం మీద దించినదని చెప్పి నాలుగొందలకి పెద్ద సీసా ఇస్తే నమ్మకండి. తులం కొననక్కర్లేదు. పావు తులం, అంటే దాదాపు మూడు గ్రాములు, రెండు చలికాలాలు వస్తుంది.

రాసుకోవడం దగ్గర మన ఆడవాళ్ళు పొరపాటు చేస్తారు. సెంటు అలవాటు కొద్దీ ధారాళంగా పోసేస్తారు. అత్తరులో స్పిరిటు ఉండదు, ఎగిరిపోదు. పుల్ల కొనతో ఒక్క చుక్క చాలు. స్నానం చేశాక మణికట్టు, మోచేతి మడత, చెవి వెనక. గట్టిగా రుద్దొద్దు. చర్మం పొడిగా ఉంటే ముందు కాస్త కొబ్బరినూనె రాస్తే ఎక్కువసేపు నిలుస్తుంది. మొదటిసారి వాడేముందు మోచేతి లోపలివైపు ఇంత రాసి ఒక రోజు ఆగండి. దురద, ఎర్రదనం వస్తే అది మీకు పడనట్టే, ఎంత ఖరీదు పెట్టినా సరే. ఇంట్లో ఉబ్బసంవాళ్ళు, వేవిళ్ళతో ఉన్న కోడలు, చంటిపిల్ల ఉంటే వాళ్ళని అడక్కుండా ఏ వాసనా ఇంట్లోకి తేవద్దు. పట్టుచీర మీదా తెల్లబట్టల మీదా అసలే వద్దు. ఉన్నిశాలువా అయితే లోపలివైపు అంచుకి దూదితో అద్దవచ్చు. సీసా కిటికీ దగ్గర పెట్టకుండా బీరువాలో చీకట్లో ఉంచండి.

అత్తరు కొనడం ఇష్టంలేనివాళ్ళు ఇలా చేసుకోవచ్చు. రెండు చెంచాల కచ్చూరాలు, గుప్పెడు వట్టివేళ్ళు, నాలుగు రేకుల రాతిపువ్వు, రెండు రేకుల జాపత్రి, పది లవంగాలు, నాలుగు ఏలకులు బరకగా దంచండి. మెత్తగా చేస్తే గుడ్డలోంచి రాలి బట్టలు పాడవుతాయి. ఒక చెంచా సాంబ్రాణి పొడి కలపండి. దూది ఉండ మీద రెండు చుక్కల వనిలా ఎసెన్సు వేసి, ఆరాక మధ్యలో పెట్టి, పల్చటి మల్లుగుడ్డలో మూటకట్టండి. శాలువాలు, స్వెట్టర్ల మధ్య పదిరోజులుంచితే చాలు. అత్తరంత గాఢం కాదు గానీ, కప్పుకున్నప్పుడు వెచ్చటి వాసన వస్తుంది. వాసన తగ్గితే మూటని చేత్తో నలిపితే మళ్ళీ లేస్తుంది.

ఆ పెద్దాయన దగ్గర షమామా తీసుకుని ఇంటికొచ్చి, అత్తగారితో ఏమీ చెప్పకుండా దూదిపింజకి అద్ది, ఆ శాలువా మడతలో పెట్టి, ట్రంకుపెట్టె మూసేశాను. నాలుగు రోజులు పోయాక సాయంత్రం ఆవిడ అది కప్పుకుని వసారాలో కూర్చున్నారు. చూసిన బంధువులావిడ ఒకరు, "ఈ వయసులో సెంటేమిటి వదినా" అంది. నాకు ఒళ్ళు మండింది. మా అత్తగారు మాత్రం తాపీగా, "సెంటు కాదమ్మా, ఆయన శాలువా వాసనే అంత," అన్నారు. ఆవిడకి నేను చేసిన పని తెలుసో లేదో నేను అడగలేదు.

అది జరిగి మూడు చలికాలాలయింది. ఈసారి దీపావళి వెళ్ళగానే ఆవిడే అడిగారు, "శాలువాలు ఎండలో వేశావా? ఆ సీసాలో ఇంకా ఉందా?" అని. ఉంది. అడుగున రవ్వంత. సంక్రాంతిలోపు పత్తర్‌గట్టీ వెళ్ళిరావాలి.